మూడో నంబరు

జూన్ 3, మంగళవారం

పిల్లని టీవీకి తీసుకున్నారు. సాయంత్రం ఏడింటి వార్తలకి. మేడ మీద రేడియోలో వార్తలు చదువుతున్నదాన్ని కిందికి దింపి కెమెరా ముందు కూర్చోబెడతారట. డైరెక్టరుగారు స్వయంగా నా మేకప్ గదికి వచ్చి చెప్పారు. ఆయన ఎప్పుడూ లోపలికి రారు, గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుని పోతారు. ఇవాళ అద్దాల దాకా వచ్చి, "మీ అమ్మాయి గొంతు మన సంస్థకి ఆస్తండీ" అన్నారు. స్పాంజి పట్టుకుని గుడ్లప్పగించి నిలబడ్డాను.

దొరలు ఈ దేశం వదిలి వెళ్ళి యాభై ఏళ్ళు నిండుతున్నాయని కొత్తవాళ్ళు కావాలట. 'మన గొంతు, మన ముఖం' అని గేటుకి బ్యానరు కూడా కట్టేశారు. ఆ గుడ్డ కట్టిన మనిషినే ఒకసారి నా గదిలోకి పంపితే కారే పైపు బాగయ్యేది. సరే, ఇవాళ ఆ ఏడుపు వద్దు.

నా సంతోషం వేరే. అమ్మకి చెవులు పూర్తిగా పోయాయి. మనవరాలు రేడియోలో చదువుతుందని వీధంతా చెప్పుకుంటుంది గాని, తను విన్నది ఒక్క ముక్క లేదు. కళ్ళు కూడా సగమే. టీవీకి మూరెడు దూరంలో కుర్చీ వేసుకుంటే రంగులూ కదలికలూ తెలుస్తాయి. ఇప్పుడు మనవరాలిని చూస్తుంది. అది చాలు నాకు.

జూన్ 4, బుధవారం

అమ్మకి అర్థమయ్యేలా చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పిల్ల టీవీ తెర మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యే తన గుండెల మీద పెట్టుకుని, మళ్ళీ తెర మీద పెట్టింది. అమ్మ ముందు టీవీ చెడిపోయిందనుకుంది. తర్వాత తెలిసింది. పిల్ల చేతులు రెండూ లాక్కుని, వేళ్ళు ఒక్కొక్కటీ తడిమింది. అమ్మ ఇప్పుడు మనుషుల్ని గుర్తుపట్టేది అలాగే. "నువ్వా? అందులోకా? అందులో అందరూ దొరసానులే కదే" అంది.

ఇద్దరం నవ్వాం. పిల్ల మధ్యలో ఆపేసింది. నేను కాసేపు ఎక్కువ నవ్వాను.

అమ్మ తప్పేం లేదు. ఆ పెట్టెలో ఒక్క దొరసాని లేదు, అందరూ మనవాళ్ళే, నా కుర్చీలో కూర్చుని మూడో నంబరు పూయించుకుని లేచినవాళ్ళే. దొరల కాలంలో ఎవరో మేనేజరు తన పెళ్ళాం మొహాన్ని బట్టి కలిపించిన రంగట అది. దొర పోయాడు, డబ్బా ఉండిపోయింది. చామనఛాయ వాళ్ళు కూర్చున్నా, నాలా కారునలుపు వాళ్ళు కూర్చున్నా, లేచేసరికి మూడో నంబరే. ముందు నుదురు, తర్వాత బుగ్గలు, ముక్కు, మెడ, చెవులు, చివరికి చేతులు. కొత్తగా మేకప్ పనిలో చేరినవాళ్ళు చెవుల దగ్గర వదిలేసి దొరికిపోతారు. నేను ఎక్కడా దొరకను.

జూన్ 6, శుక్రవారం

మొన్న రేడియో వినే పెద్దాయన ఒకాయన గేటు దగ్గర పిల్ల కోసం కాపు కాశాడు. దాని గొంతంటే ప్రాణమట. అది నవ్వుతూ ఎదురెళ్ళి "నేనేనండీ" అంటే ఆయన దాని వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని చూశాడట. తర్వాత తేరుకుని, "గొంతు విని ఇంకోలా ఊహించుకున్నానమ్మా, ఏమీ అనుకోకు" అన్నాడట.

పిల్ల ఇదంతా నాకు నవ్వుతూ చెప్పింది. "ఏమీ అనుకోలేదమ్మా, ఆయన ఊహకి నేను బాధ్యురాల్నా" అంది. నాకు మాత్రం రెండు రోజులుగా ఆ పెద్దాయన్ని పట్టుకుని నాలుగు దులిపేయాలని ఉంది.

జూన్ 9, సోమవారం

పిల్ల పూసుకోనంటోంది.

టీ తాగుతూ మామూలుగా చెప్పింది, ఇవాళ గొడుగు అక్కర్లేదమ్మా అన్నట్టు. "మెరుపు పోవడానికి కాస్త పౌడరు అద్దు చాలు. మూడో నంబరు నాకొద్దు."

"నీకొద్దంటే ఎలాగే. అది అందరికీ."

"అందరికీ కాదమ్మా. దొరలకి అక్కర్లేదుగా."

చిలక్కి చెప్పినట్టు చెప్పాను. స్టూడియోలో లైట్లు ఆ రంగుకే కట్టారని, లేకపోతే తెర మీద కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనపడవని, ఇందులో చిన్నతనం ఏమీ లేదని, డ్యూటీకి కోటు వేసుకోవడం లాంటిదని. అంతా విని, "కోటు ఇంటికొచ్చాక విప్పేస్తారు కదా. మరి నువ్వు రోజూ బస్సెక్కే ముందు మొహానికి పూసుకునేదేంటి?" అంది.

దీనికి ముక్కు మీద కోపం, అచ్చం వాళ్ళ నాన్న. ఆయన బతికుంటే ఇప్పుడు ఇద్దరూ కలిసి నన్ను వాయించేవాళ్ళు.

జూన్ 10, మంగళవారం

నేను పూసుకునేది డబ్బా అడుగున మిగిలింది. ఎలాగూ పారేసేదే.

జూన్ 12, గురువారం

ఎవరు మోశారో తెలీదు, డైరెక్టరుగారి చెవిన పడింది. పిలిపించి కుర్చీ చూపించారు. ఇన్నేళ్ళలో ఆయన గదిలో నేను కూర్చున్నది లేదు.

మనిషి మంచివాడే. నాకంటే ఒక పిసరు తక్కువ నలుపు, అంతే. "చూడండమ్మా, మనలో మాట. నాకైతే ఏ అభ్యంతరమూ లేదు. కానీ చూసేవాళ్ళు ఒకదానికి అలవాటు పడ్డారు. ఉన్నట్టుండి మారిస్తే వార్త వినరు, మొహమే చూస్తారు. మీ అమ్మాయి చిన్నది. మొదటిరోజే దెబ్బ తింటే తట్టుకోలేదు" అన్నారు.

"మరి బ్యానరు మీద మన ముఖం అని ఉంది కదండీ" అని నసిగాను.

"అదీ మన ముఖమేనండి. మీ చేతి పనేగా" అని నవ్వారు. నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియడం లేదు.

లేచి వస్తుంటే ఎంతో దయగా, "మీ మాటయితే వింటుంది. వినకపోతే మేడ మీద రేడియో ఎటూ ఉండనే ఉంది, భయపడకండి" అన్నారు.

దారిలో స్టూడియోలోకి తొంగి చూశాను. లైట్లాయన నిచ్చెన మీద ఉన్నాడు. నన్ను అక్కా అని పిలిచే మనిషి ఈ బిల్డింగులో అతనొక్కడే. "తమ్ముడూ, లైట్లు మన రంగుకి మార్చడం కుదరదా?" అని అడిగాను.

"ఎందుకు కుదరదక్కా. ఒక పూట పని. రెండు దీపాలు కిందికి దించాలి, వెనక గుడ్డ మార్చాలి. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, నేను మార్చలేదు" అన్నాడు.

కుదరదని కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళకీ చెబుతూ వచ్చింది నేనే. నాకెవరు చెప్పారో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

జూన్ 14, శనివారం

నేను కూడా మానేసి చూద్దామని ఇవాళ ఉత్త మొహంతో వెళ్ళాను. గేటు దగ్గర కాపలా ఆయన ఆపి, "ఎవరు కావాలి?" అన్నాడు. రోజూ నమస్కారం పెట్టే మనిషి. నేనేనయ్యా అంటే నాలుక కరుచుకుని, "ఒంట్లో బాలేదామ్మా?" అని అడిగాడు.

అవును, జ్వరం అన్నాను.

జూన్ 16, సోమవారం

భోజనాలవేళ స్టూడియో ఖాళీగా ఉంటే లైట్లాయన పిల్లని కూర్చోబెట్టి, తను అన్నట్టే దీపాలు దించాడు, వెనక లేతరంగు గుడ్డ కట్టాడు. నేను పౌడరు తప్ప ఏమీ అద్దలేదు. పక్క గదిలో మానిటర్ ముందు నేనొక్కదాన్నే నిలబడి చూశాను.

బాగా రాలేదు.

పిల్ల పరిగెత్తుకొచ్చి "ఎలా ఉన్నానమ్మా?" అంది. టేపు పెట్టలేదు, మళ్ళీ చూసే వీలు లేదు. బాగా రాలేదని చెప్పాను. మొహం గుడ్డలో కలిసిపోయిందని చెప్పాను. లైట్లాయన తెరిచిన తలుపులోంచి నా వంక చూసి, వెనక కట్టిన గుడ్డ విప్పేశాడు.

"సరే అయితే. నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది" అంది పిల్ల.

జూన్ 17, మంగళవారం

పూసుకోవడానికి ఒప్పుకుంది. హమ్మయ్య.

జూన్ 18, బుధవారం

హమ్మయ్య అని రాసుకున్నాను. ఇవాళ చదివితే ఎవరో రాసినట్టుంది.

జూన్ 20, శుక్రవారం

బాగా వచ్చింది.

ఇక్కడ కూడా అబద్ధం రాసుకుంటే ఇక నేను ఎవరితో చెప్పుకోను. చాలా బాగా వచ్చింది. దీపాలు దించగానే మానిటర్‌లో పిల్ల మొహం నిండుగా కనిపించింది. నలుపులో ఇన్ని రంగులుంటాయని నాకు తెలీదు, రంగులు కలిపి బతుకుతున్నదాన్ని. బుగ్గ మీద ఒక ఎరుపు, కంటి కింద నీలం, నుదుటి మీద తేనెరంగు. పుట్టినప్పట్నుంచీ ఆ మొహం కడిగాను, తుడిచాను, ముద్దు పెట్టుకున్నాను. అంత అందంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు, నేనూ దానికి చెప్పలేదు. వయసులో అమ్మ ఇలాగే ఉండేదేమో. నేను కూడా ఇలాగే ఉండేదాన్నేమో, ఎవరు చూశారు కనక.

అప్పుడు భయమేసింది. అది పుట్టిన నాడు మా అత్తగారు పిల్లని ఎత్తుకుని, పిడికిళ్ళు విప్పి అరచేతులు చూసి, "పోనీలే, ఇవైనా తెల్లగా ఉన్నాయి" అంది. ఆ మాట ఇంతవరకూ దాని చెవిన పడనివ్వలేదు. సోమవారం ఏడింటికి దేశం దేశమంతా మా అత్తగారయి కూర్చుంటే నా పిల్లని ఎక్కడ దాచుకోను.

అందుకని అలా చెప్పాను. తల్లినన్న భయం, ఇంకేం లేదు. రేపు చెప్పేస్తాను, బాగా వచ్చిందే అని.

జూన్ 21, శనివారం

చెప్పలేదు. అది కొత్త కోటు కొనుక్కొచ్చింది, లేత నీలం. మూడో నంబరుకి బాగా నప్పుతుంది.

జూన్ 24, మంగళవారం

నిన్న పిల్ల మొదటిసారి చదివింది. నేను చేతులు మర్చిపోయాను.

మొహం, మెడ, చెవులు అన్నీ బాగానే అయ్యాయి. ఎప్పట్నుంచో వార్తలు చదువుతున్న సీనియరమ్మ వచ్చి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఎక్కడా వంక పెట్టలేకపోయింది. పిల్ల అద్దంలో చూసుకుని "ఎవరండీ మీరు, ఎక్కడో చూసినట్టుంది" అంది. అందరం నవ్వాం. చేతుల కోసం స్పాంజి తడిపాను. ఈలోగా లోపల్నుంచి పిలిచారు. వెళ్ళిపోయింది. జరిగింది అంతే.

టీవీలో చదివేవాళ్ళు చేతులు బల్ల మీద కట్టుకుని కదలకుండా కూర్చుంటారు. పిల్లది రేడియో అలవాటు, మాటతో పాటు చెయ్యి లేస్తుంది. మేడ మీద ఎవరు చూశారు గనక. నిన్న మొదటి వార్తకే రెండు చేతులూ పైకి లేచాయి. లేత నీలం కోటు, పైన పాలిపోయిన తెల్లటి మొహం, కింద మా చేతులు. ఏదో వంతెన కూలిన వార్త అది. తడి స్పాంజి పట్టుకుని మానిటర్ ముందు నిలబడ్డాను. తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది, లోపలికి వెళ్ళడానికి లేదు. అది ఆరేదాకా చేతులు లేస్తూనే ఉన్నాయి. పాపం దానికేం తెలుసు, ఉత్సాహంగా చదువుతోంది.

అయిపోయి బయటికొచ్చేసరికి ఆఫీసులో ఫోన్లన్నీ ఒక్కసారే మోగుతున్నాయి. ఒకాయన ఫోను పట్టుకుని నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగిపోయాడు. పిల్ల ముందు ఏమీ అర్థంకాక అందరి మొహాలూ చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ టీవీ ముందే ఉంది, మొహం చాటంత చేసుకుని. "చూశానే. ముందు ఎవరో దొరసాని అనుకున్నా. అంతలో చేతులు లేపింది. అవి మన చేతులు కదా. నా చేతులు. ఎన్నిసార్లు లేపిందో. నాకు కనపడాలనే లేపింది కదూ?" అంది. పిల్ల గదిలోకి పోయి తలుపు ధడాలున వేసుకుంది. ఆ చప్పుడు అమ్మకి వినపడలేదు. ఇంకా అటే చూసి నవ్వుతోంది.

జూన్ 25, బుధవారం

మర్చిపోయాను. పని కంగారులో ఎవరికైనా జరుగుతుంది.

జూన్ 26, గురువారం

ఊరంతా కోడై కూస్తోంది. 'అరువు చేతులు' అని పేరు పెట్టారు. బస్సులో ఇద్దరు కాలేజీవాళ్ళు చేతులకి నల్ల మేజోళ్ళు తొడుక్కుని వార్తలు చదువుతున్నట్టు ఆడుతున్నారు. బస్సంతా ఒకటే నవ్వు. ఆ మేజోళ్ళకీ వాళ్ళ మొహాలకీ ఏమంత తేడా లేదు, నవ్వేవాళ్ళకీ లేదు. ఎవరికీ అది తోచినట్టు లేదు. నేను పొద్దున మొహానికి పూసుకునే బయల్దేరాను. చేతులకి ఎప్పుడూ పూసుకోను, నీళ్ళలో పని, నిలవదు. ఒళ్ళోని సంచి కింద చేతులు దాచుకుని, నా స్టాపు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

డైరెక్టరుగారు కేకలేస్తే బాగుండేది. "పొరపాట్లు సహజమండీ. అమ్మాయిని సోమవారం మళ్ళీ చదివిద్దాం. ఈసారి కాస్త చూసుకోండి. మళ్ళీ ఇలా అయితే మాత్రం నేను కూడా ఏమీ చేయలేను" అన్నారు.

జూన్ 27, శుక్రవారం

బస్టాపులో ఒకావిడ పలకరించింది. ఆస్పత్రిలో నేలలు తుడుస్తుందట, బకెట్టు పట్టుకునే ఉంది. "వార్తలమ్మాయి వాళ్ళమ్మవి కదూ?" అంది. ఇక మొదలుపెడుతుంది అనుకుని మొహం ముడుచుకున్నాను.

"మా చిన్నది టీవీ చూస్తూ, అమ్మా, నీ చేతులు టీవీలో ఉన్నాయే అంది. వార్తలయ్యేదాకా అదీ చేతులు లేపుతూ కూర్చుంది. మళ్ళీ ఎప్పుడు చదువుతుందమ్మా?"

సోమవారం అన్నాను.

"చేతులుంటాయిగా?" అంది.

బస్సొచ్చిందని గబగబా ఎక్కేశాను. అది నేనెక్కాల్సిన బస్సు కాదు. రెండు స్టాపులు పోయాక దిగి నడుచుకుంటూ వచ్చాను.

జూన్ 28, శనివారం

పిల్ల ఇవాళ నోరు విప్పింది. ఇన్నాళ్ళూ నాలుగు తిడితే బాగుండు అనుకున్నాను.

"నువ్వు మర్చిపోవమ్మా. ఎప్పుడైనా మర్చిపోయావా?"

"పిలిచారు కదే. కంగారులో..."

"స్పాంజి తడిపావు. నా చేతులు నీ ఒళ్ళో పెట్టుకున్నావు. పట్టుకుని అలా కూర్చుండిపోయావు. వాళ్ళు పిలిచేదాకా కూర్చున్నావు. నాకు గుర్తుంది."

నిజమే. దాని చేతులు నా ఒళ్ళో ఉన్నాయి. చిటికెన వేలు అమ్మ వేలులాగే లోపలికి వంగి ఉంటుంది, నాదీ అంతే. స్పాంజి తడిగా ఉంది. పూద్దామనే అనుకున్నాను, చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పమంటే నాకు చేతకావడం లేదు.

అప్పుడు ఆ మానిటర్ సంగతి చెప్పేశాను. బాగా రాలేదన్నది అబద్ధమనీ, ఎంత బాగా వచ్చిందో, ఏయే రంగులు కనిపించాయో అన్నీ చెప్పాను. చెబితే గుండె తేలికవుతుంది అనుకున్నాను. పిల్ల కన్నీళ్ళు పెట్టుకోలేదు, అరవలేదు. కుర్చీలో వెనక్కి వాలి తన చేతుల వంక చూసుకుంది.

"నా మొహంతో వెళ్తానంటే వద్దన్నావు. సరే, మీ మొహంతోనే వెళ్తానంటే సగంలో వదిలేశావు. ఏదో ఒకటి ఉండనివ్వాల్సిందమ్మా" అంది.

"ఇప్పుడేం పోయిందే. లైట్లాయన ఉన్నాడు. సోమవారం దీపాలు మార్పిద్దాం. డైరెక్టరుగారితో నేను మాట్లాడతాను."

"నువ్వా?" అంది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. ఆ అడగడం తలుచుకుంటే తట్టుకోవడం నా వల్ల కావడం లేదు.

జూన్ 29, ఆదివారం

డైరెక్టరుగారికి చెప్పాల్సిన మాటలు పొద్దుట్నుంచీ వల్లె వేసుకుంటున్నాను. సార్, మా పిల్ల మొహం దాని మొహంలా ఉండనివ్వండి. సార్, లైట్లు మార్చడం ఒక పూట పనేనట. సార్, మీ అమ్మగారు ఏ రంగు? చివరిది అననులే. మిగతావి అంటాను.

జూన్ 30, సోమవారం

వెళ్ళాను. ఆయన తలెత్తి "చెప్పండమ్మా" అన్నారు. నా గదిలో పైపు కారుతోందండీ అన్నాను. బాగు చేయిస్తామన్నారు.

సాయంత్రం పిల్ల వచ్చి కుర్చీలో కూర్చుంది. అద్దం వంక చూడలేదు. చేతులు రెండూ ముందుకు చాపి, "ముందు ఇవి కానివ్వు" అంది.

పూశాను. మోచేతుల దాకా, వేళ్ళ సందుల్లో, గోళ్ళ చుట్టూ. చిటికెన వేలు వంగిన చోట రంగు నిలవడం లేదు, మళ్ళీ మళ్ళీ అద్దాను. చిన్నప్పుడు ఇవే చేతులకి నూనె రాస్తుంటే కితకితలని ఇల్లు పీకి పందిరేసేది. ఇవాళ వేలు కూడా కదపలేదు. మధ్యలో ఉండబట్టలేక, "కడిగేస్తానే. ఉన్నదున్నట్టు వెళ్దువుగాని. ఏమయితే అయింది" అన్నాను.

"ఏమయితే అయింది అంటే అయ్యేది నాకమ్మా" అంది. "అక్కడ, మణికట్టు దగ్గర వదిలేశావు."

అక్కడ కూడా పూశాను.

చదివింది. చేతులు బల్ల మీద కట్టుకుని, ఒక్కసారి కూడా లేపకుండా చదివింది. గొంతులో కూడా ఏదో కట్టేసినట్టుంది గాని అది నాకు తప్ప ఎవరికి తెలుస్తుంది. ఒక్క ఫోను రాలేదు. డైరెక్టరుగారు గుమ్మంలోంచే రెండు చేతులూ జోడించి నవ్వుతూ వెళ్ళిపోయారు.

జూలై 2, బుధవారం

పైపు బాగు చేశారు.

జూలై 3, గురువారం

అదే బస్టాపులో ఆస్పత్రి ఆవిడ కనిపించింది. నన్ను చూసింది. పలకరించలేదు.

జూలై 5, శనివారం

నాకు సెలవు. పిల్ల ఇప్పుడు తనే పూసుకుంటోంది. నేను లేకపోయినా ఇబ్బంది లేదు, చెయ్యి తిరిగింది. చిన్న డబ్బా ఒకటి ఇంటికి కూడా తెచ్చుకుంది. పొద్దున బయల్దేరే ముందు అద్దం దగ్గర ఇద్దరం పోటీ పడతాం. "కాస్త జరుగమ్మా" అంటుంది, నేను జరుగుతాను. మామూలుగానే మాట్లాడుతోంది. ఏం తిన్నావు, ఏ బస్సుకి వచ్చావు అని. కోపం పోయిందా అని అడిగితే, "కోపమేముందమ్మా" అంది.

ఏడింటికి అమ్మ పక్కన కూర్చున్నాను. పిల్ల తెర మీదికి వచ్చింది. వంక పెట్టడానికి లేదు, నా కంటికి కూడా. ముందు చెవులు చూశాను, తర్వాత మెడ చూశాను, చేతులు చూశాను. అన్నీ ఒకటే రంగు. ఇంతకంటే బాగా నేను కూడా చేయలేను.

అమ్మ కుర్చీ ఇంకా ముందుకి లాక్కుని, తెరకి మొహం ఆనించేంత దగ్గరగా కూర్చుని చూస్తోంది. కాసేపయ్యాక తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

"మనమ్మాయి ఎప్పుడొస్తుందే?"

లేచి తెర మీద పిల్ల చేతుల దగ్గర నా వేలు పెట్టాను, ఇదిగో ఇదే అని. అమ్మ కళ్ళు చికిలించి చూసి తల అడ్డంగా ఊపింది. "ఈవిడెవరో దొరసాని. ఈవిడ అయ్యాక వస్తుందా?"

నేను తలూపాను.

వార్తలు అయిపోయాయి. వాతావరణం వచ్చింది, తర్వాత ఏదో పాట వచ్చింది. టీవీ కట్టేద్దామని లేవబోతే అమ్మ చెయ్యి వదల్లేదు. "ఉండవే, వస్తుంది" అంది. కూర్చున్నాను.